పరాయి దేశంలో ఒక ఇంటి చుట్టంగా

విదేశానికి వెళ్ళినప్పుడు హోటల్లో గది తీసుకోకుండా, అక్కడి కుటుంబం కాపురముంటున్న ఇంట్లోనే బస చేయడాన్ని హోంస్టే అంటారు. ఇంటివాళ్ళు అదే కప్పు కింద ఉండాలి. వాళ్ళ వంటలో కనీసం ఒక పూటైనా అతిథికి వాటా ఉండాలి. ఆ ఇంటి వేళలకు అతిథి సర్దుకోవాలి. ఈ మూడూ లేని చోటు, పేరు ఏదైనా, అద్దె గదే. హోంస్టే పేరుతో ఇంటర్నెట్‌లో కనిపించే వాటిలో చాలా మటుకు తాళంచెవిని గుమ్మం దగ్గర డబ్బాలో పెట్టి యజమాని వెళ్ళిపోయే ఫ్లాట్లు. వెతికేవాళ్ళు అన్నిటికంటే ముందు గుర్తుపట్టవలసింది ఈ తేడానే.

విదేశంలో దగ్గరివాళ్ళు ఒక్కరైనా లేని కుటుంబాన్ని కృష్ణా డెల్టాలో వెతుక్కోవాలి. విజయవాడ, గుడివాడ, ఉయ్యూరు, తెనాలి వైపు నుంచి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళే పెద్దవాళ్ళు సాధారణంగా దిగేది కొడుకు ఇంట్లోనో కూతురు ఇంట్లోనో. పచారీ సరుకులు తెలుగువాళ్ళ దుకాణంలో, పండగ తెలుగు సంఘంలో, ఆదివారం వేంకటేశ్వరస్వామి గుడిలో. ఆరు నెలలు డల్లాస్‌లో ఉండి వచ్చినా, పక్కింటి అమెరికన్ కుటుంబం రాత్రి ఎన్నింటికి భోజనానికి కూర్చుంటుందో తెలియకుండానే తిరిగి వచ్చేవాళ్ళు ఎందరో. ఇందులో తప్పేమీ లేదు. పిల్లల్ని చూడటానికి వెళ్ళినవాళ్ళు పిల్లల దగ్గరే ఉండాలి. కానీ ఆ దేశాన్ని కూడా చూడాలన్న కోరిక ఉంటే, అంత పెద్ద ప్రయాణంలోంచి రెండు మూడు రాత్రులు తీసి ఒక స్థానిక కుటుంబంతో గడపడం చేతిలో ఉన్న పని. గుళ్ళూ గోపురాలూ ఎన్ని చూసినా తెలియని సంగతులు ఒక వంటింట్లో గంట కూర్చుంటే తెలుస్తాయి.

బస సంగతి ప్రయాణానికి ఎంత ముఖ్యమో తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, ఏ మజిలీలో దిగడానికి వసతి ఉందో, ఏ సరుకులు దొరుకుతాయో ఊరూరా రాసుకుంటూ వెళ్ళారు. ఆ రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. తర్వాతి యాత్రికుడికి పనికొచ్చేలా నిజాయతీగా రాసిపెట్టడం అనే ఆ అలవాటు మీదే నేటి హోంస్టే వ్యవస్థ మొత్తం నిలబడి ఉంది. ముందు బస చేసినవాళ్ళ మాటలు చదివే కదా తర్వాతివాళ్ళు ఆ ఇంటి తలుపు తడతారు.

ముక్కూ మొహం తెలియని కుటుంబాల మధ్య అతిథిగా ఉండే పద్ధతికి ఆధునిక కాలంలో ఒక రూపం తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన వ్యక్తి డొనాల్డ్ వాట్ అనే అమెరికన్. ఆయన 1932లో ‘ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్’ పేరుతో అమెరికన్ యువకులను యూరప్‌కు తీసుకువెళ్ళారు. విద్యార్థిని అక్కడి కుటుంబంలో ఒకడిగా ఉంచడం ఆ సంస్థ ముఖ్య పద్ధతిగా స్థిరపడింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1949లో డెన్మార్క్‌లో బాబ్ లూట్‌వైలర్ అనే అమెరికన్ శాంతివాదీ ఆయన మిత్రులూ ‘సర్వాస్’ను ఆరంభించారు. నిన్నటిదాకా శత్రువులుగా ఉన్న దేశాల మనుషులు ఒకరింట్లో ఒకరు భోజనం చేస్తే మళ్ళీ తుపాకులు పట్టుకోవడం కష్టమవుతుందని వాళ్ళ నమ్మకం. సర్వాస్ ఇప్పటికీ నడుస్తోంది, మన దేశంలోనూ దానికి శాఖ ఉంది. సభ్యుడు కావాలంటే ముందు స్థానిక ప్రతినిధి ఎదుట కూర్చుని మాట్లాడాలి. వాళ్ళకు నమ్మకం కుదిరితే పరిచయ పత్రం ఇస్తారు. దాని ఆధారంగా ఇతర దేశాల సభ్యులకు రాసుకుంటే, వీలున్నవాళ్ళు సాధారణంగా రెండు రాత్రులు ఉంచుకుంటారు. ఇంటివాళ్ళు డబ్బు పుచ్చుకోరు. తొందరపడేవాళ్ళకు ఈ వ్యవహారం నెమ్మదిగా అనిపించవచ్చు, కానీ నడివయసు దాటిన దంపతులకూ, ఒంటరిగా వెళ్ళే స్త్రీలకూ దీన్ని మించిన దారి కనిపించదు. రెండు వైపులా మనిషిని మనిషి చూసి ధ్రువీకరించడమే దీని బలం.

అదే కోవలో ఎస్పరాంటో భాష నేర్చినవాళ్ళ కోసం 1974 నుంచి ‘పాస్‌పోర్టా సెర్వో’ ఉంది. అమెరికాలో జిమ్మీ కార్టర్ అధ్యక్షుడుగా ఉండగా 1977లో మొదలైన ‘ఫ్రెండ్‌షిప్ ఫోర్స్’ బృందాలుగా వెళ్ళేవాళ్ళకు కుటుంబాల్లో బస ఏర్పాటు చేస్తుంది. ఇంటర్నెట్ వచ్చాక 2004లో ‘కౌచ్‌సర్ఫింగ్’ వెలిసింది. ముందు గదిలో సోఫా ఖాళీగా ఉన్నా చాలు, అతిథిని పిలిచే కుర్రకారు దాని చుట్టూ చేరారు. 2011లో అది లాభాపేక్ష గల కంపెనీగా మారింది. 2020లో సభ్యత్వానికి రుసుం పెట్టింది. ఆ మార్పులు నచ్చనివాళ్ళలో కొందరు ‘బీవెల్‌కమ్’ వంటి స్వచ్ఛంద వేదికలకు వెళ్ళిపోయారు. సైకిల్ మీద దేశాలు తిరిగేవాళ్ళకు ‘వార్మ్ షవర్స్’ అని వేరే ఉంది. సభ్యత్వ రుసుం సంగతి ఎలా ఉన్నా, వీటన్నిటిలో ఇంట్లో బస ఉచితమే. ఉచితం అంటే బాధ్యత లేదని కాదు. ఇక్కడ అతిథి చెల్లించవలసింది కాలం, కబుర్లు, చేతనైన సాయం. రాత్రి పన్నెండింటికి వచ్చి పొద్దున్నే వెళ్ళిపోయే మనిషికి ఈ పద్ధతి సరిపడదు, అలాంటివాళ్ళు హోటల్‌కు వెళ్ళడమే అందరికీ మర్యాద.

డబ్బు తీసుకుని ఇంట్లో ఉంచుకునే పద్ధతి ఇంకా విస్తారమైనది. వీటిలో తెలుగు యాత్రికులకు బాగా పనికొచ్చేవి కొన్ని దేశాల్లో ప్రభుత్వాలో గ్రామ సంఘాలో నడిపే పల్లెటూరి హోంస్టేలు. నేపాల్ ఇందుకు మంచి ఉదాహరణ. పశుపతినాథుణ్ణీ ముక్తినాథుణ్ణీ చూడటానికి మన వైపు నుంచి ఏటా యాత్రా బస్సులూ బృందాలూ వెళుతూనే ఉంటాయి. ముక్తినాథ్ దారిలో పోఖరాలో ఆగుతారు కూడా. ఆ పోఖరాకు నైరుతి దిక్కున స్యాంజా జిల్లా కొండల మీద సిరుబారి అనే గురుంగు తెగవాళ్ళ ఊరు ఉంది. నేపాల్‌లో ఊరు మొత్తం కలిసి అతిథులకు ఇళ్ళు తెరిచే పద్ధతి 1997లో అక్కడే మొదలైంది. అతిథి తనకు నచ్చిన ఇల్లు ఎంచుకోవడం ఉండదు. గ్రామ కమిటీ వంతుల ప్రకారం ఒక్కొక్క ఇంటికి పంపుతుంది. దాని వల్ల డాబా ఇల్లున్న వాడికే గిరాకీ, పెంకుటిల్లు వాడికి మొండిచెయ్యి అనే గొడవ రాదు. వచ్చినవాళ్ళను బాజాలతో ఎదురెళ్ళి దండలు వేసి తీసుకువస్తారు. అన్నం, పప్పు, కూర తినే ఇళ్ళు కావడం వల్ల తెలుగువాళ్ళకు నోటికి ఇబ్బంది లేదు. లమ్‌జుంగ్ జిల్లాలోని ఘలేగావ్ కూడా ఇదే దారిలో పేరు తెచ్చుకుంది. నేపాల్ వెళ్ళడానికి భారతీయులకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు గుర్తింపు కార్డో ఉంటే చాలు. విదేశీ కుటుంబంలో ఉండటం మొదటిసారి అలవాటు చేసుకోదలచినవాళ్ళు ఇక్కడి నుంచి మొదలుపెట్టడం అన్ని విధాలా తెలివైన పని.

మలేషియాలో 1995 నుంచి ప్రభుత్వమే హోంస్టే కార్యక్రమం నడుపుతోంది. పహాంగ్ రాష్ట్రంలోని దేశ ముర్ని పల్లెల్లో అది ఆరంభమైంది. ఇల్లు శుభ్రంగా ఉందా, అతిథికి వేరే గది ఉందా అని చూసి పర్యాటక శాఖ ఇళ్ళను నమోదు చేస్తుంది. కాంపుంగ్ అనే ఆ మలయ్ పల్లెల్లో కొబ్బరి చెట్లూ, స్తంభాల మీద కట్టిన చెక్క ఇళ్ళూ, వరి పొలాలూ చూస్తే కోనసీమకో దివిసీమకో వచ్చినట్టే ఉంటుంది. వరి గురించి మాట్లాడుకోవడానికి రైతుకు రైతు దొరికితే భాష పెద్ద అడ్డం కాదు.

మారిషస్ సంగతి ప్రత్యేకం. 1830ల నుంచి కోరంగి రేవు మీదుగా చెరకు తోటల్లో కూలిపనికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి అక్కడ ఉంది. ఆ రేవు పేరు మీద వాళ్ళను కోరంగివాళ్ళనే పిలిచేవారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. బడుల్లో తెలుగు చెబుతారు. రామభజనలు, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ ఇప్పటికీ చేసుకుంటారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. అయినా ఇంట్లో వాడుక భాష క్రియోల్, చదువు ఫ్రెంచి, ఇంగ్లీషు. అలాంటి ఇంట్లో రెండు రోజులుంటే, ఏడెనిమిది తరాల కింద ఇక్కడి నుంచి వెళ్ళిన దానిలో ఏది నిలిచిందో, ఏది మారిందో కళ్ళారా చూడవచ్చు. దీన్ని మనవాళ్ళ ఇల్లనాలా, విదేశీ కుటుంబమనాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. చూడదగ్గదనడంలో మాత్రం సందేహం లేదు. అక్కడి తెలుగు సంఘాల ద్వారా ముందుగా పరిచయం చేసుకుని వెళ్ళడం మంచిది. డబ్బు చెల్లించి ఉండే ఇల్లయితే పర్యాటక అథారిటీ లైసెన్సు ఉందో లేదో అడగాలి.

పదో తరగతి, ఇంటర్ వయసు పిల్లలకు దారులు వేరు. రోటరీ యూత్ ఎక్స్‌ఛేంజ్ ద్వారా ఒక విద్యా సంవత్సరం విదేశీ కుటుంబాల్లో ఉండి అక్కడి బడిలో చదువుకోవచ్చు. ఉంచుకునే కుటుంబం డబ్బు తీసుకోదు, ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువ ఇళ్ళు మారడం మామూలే. విజయవాడ నుంచి విశాఖ దాకా క్లబ్బులు రోటరీ 3020 జిల్లా కిందికి వస్తాయి, వివరాలకు దగ్గర్లోని క్లబ్బును అడిగితే సరిపోతుంది. 1947 నుంచి విద్యార్థుల మార్పిడి నడుపుతున్న ఏఎఫ్‌ఎస్ సంస్థకు కూడా మన దేశంలో శాఖ ఉంది. పై చదువులకు ఐర్లండ్, కెనడా, ఆస్ట్రేలియా వెళ్ళే పిల్లలు మొదటి నెల రోజులు భోజనంతో కూడిన హోంస్టేలో దిగితే, నలుగురు తెలుగు కుర్రాళ్ళు ఒక గదిలో సర్దుకోవడం కంటే ఖర్చు ఎక్కువే అవుతుంది. అయితే ఆ నెలలో అలవడే యాసా, ఊరి తెలివీ తర్వాత ఏ కోచింగ్‌లోనూ దొరకవు.

రైతు కుటుంబాల వాళ్ళు గమనించదగ్గది ‘వూఫ్’. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేస్తున్న స్యూ కాపర్డ్ వారాంతాల్లో సేంద్రియ వ్యవసాయ క్షేత్రాల్లో పనిచేసే బృందంగా దీన్ని మొదలుపెట్టారు. రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు పొలం పనిచేస్తే రైతు ఇంట్లో తిండీ బసా ఉచితం. సుభాష్ పాలేకర్ ప్రకృతి సేద్య పద్ధతిలోనో మరో విధంగానో రసాయన ఎరువులు మానేసి సాగు చేస్తున్న డెల్టా యువ రైతుకు ఇటలీలోనో జపాన్‌లోనో ఒక సేంద్రియ రైతు ఇంట్లో రెండు వారాలు ఉండటం పెద్ద చదువు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పర్యాటక వీసా మీద వెళ్ళి పొలం పనిచేస్తే కొన్ని దేశాలు దాన్ని ఉద్యోగంగానే లెక్కగడతాయి. బయలుదేరకముందే ఆ దేశపు ఎంబసీ నియమాలు చూసుకోవాలి.

ఇల్లు వెతకడంలో మెలకువ ఎక్కువగా చదవడంలోనే ఉంది. ఎయిర్‌బీఎన్‌బీ వంటి బుకింగ్ సైట్లలో ఇల్లు మొత్తం అనే విభాగం వదిలేసి, విడిగా ఒక గది అనే విభాగంలోనే వెతకాలి. తర్వాత ఫొటోలు పక్కనపెట్టి పాత అతిథుల మాటలు చదవాలి. ‘గది శుభ్రంగా ఉంది, స్టేషన్ దగ్గర’ అన్న మాటల వల్ల మన పని జరగదు. ‘ఆమె చేసిన సూపు తాగుతూ రాత్రి పదింటి దాకా మాట్లాడుకున్నాం’ అని ఎవరైనా రాసి ఉంటే అక్కడ కుటుంబం ఉన్నట్టు. జపాన్‌లో 2018 చట్టం ప్రకారం డబ్బు తీసుకుని ఇంట్లో అతిథుల్ని ఉంచుకునేవాళ్ళు నమోదు చేసుకోవాలి, ఆ నంబరు ప్రకటనలో కనిపించాలి. క్యూబాలో 1997 నుంచి అనుమతి ఉన్న ఇళ్ళ గుమ్మాల మీద నీలిరంగు లంగరులాంటి గుర్తు ఉంటుంది.

ఇల్లు దొరికాక రాసే మొదటి ఉత్తరం మీద సగం పని ఆధారపడి ఉంటుంది. ‘మాకు ఫలానా తేదీన గది కావాలి, దయచేసి ఇవ్వగలరు’ అన్న ఒక్క ముక్కను పదిమందికి పంపితే జవాబు రాదు. మచిలీపట్నం ఉపాధ్యాయ దంపతులు క్యోటో వెళుతున్నారనుకుందాం. తాము ఎవరో, వయసెంతో, ఏం పనిచేస్తారో, ఎన్ని రోజులుంటారో, ఏమి తినరో మొదటి నాలుగు వాక్యాల్లోనే చెప్పాలి. ఆ ఇంటివాళ్ళ వివరాలు చదివామని తెలిసేలా ఒక మాట రాయాలి, వాళ్ళు తోటపని చేస్తారంటే తమ పెరటి సంగతి చెప్పవచ్చు. ఒక పూట పప్పూ కూరా వండి పెడతామని చెప్పడం చాలా ఇళ్ళ తలుపులు తెరిపించే మాట. ఇంగ్లీషు సొగసుగా లేకపోయినా ఫరవాలేదు, నిజం కనిపిస్తే చాలు.

వీసా దరఖాస్తులో బస ఎక్కడో చూపమంటారు. యూరప్ షెంగెన్ దేశాల్లో వ్యక్తి ఇంట్లో ఉంటామంటే ఆతిథ్య పత్రం అడుగుతారు. ఫ్రాన్స్‌లో అయితే ఇంటివాళ్ళు తమ ఊరి మునిసిపల్ కార్యాలయానికి వెళ్ళి అధికారిక పత్రం తీసుకుని పంపాలి. రెండు రాత్రుల పరిచయం కోసం ఎవరినీ అంత తిప్పలు పెట్టడం ధర్మం కాదు. ఆ దేశాలకు ప్రధాన బస హోటల్‌గానో బంధువుల ఇల్లుగానో చూపి, హోంస్టేను మధ్యలో చిన్న భాగంగా పెట్టుకోవడం తేలిక. చూపించిన బుకింగ్ మాత్రం నిజమైనదే కావాలి. వీసా కోసం దొంగ బుకింగ్ చేసి పెడతామనే ఏజెంట్ల మాట వింటే అసలుకే మోసం వస్తుంది. వియత్నాం వంటి చోట్ల విదేశీ అతిథి వచ్చిన సంగతి ఇంటివాళ్ళు పోలీసులకు తెలపాలి. అందుకోసం పాస్‌పోర్టు వివరాలు అడిగితే కంగారుపడక్కర్లేదు, కాపీ ఇస్తే చాలు. అసలు పాస్‌పోర్టును రోజుల తరబడి ఎవరి దగ్గరా వదలకూడదు.

తిండి విషయంలో మొహమాటం పనికిరాదు. శాకాహారం అన్న ఒక్క మాట ప్రతి దేశంలో ఒక్కో అర్థంలో వినిపిస్తుంది. జపాన్‌లో కూరగాయల పులుసులో ఎండు చేప రసం ఉంటుంది. మలేషియా సంబల్‌లో రొయ్యల ముద్ద, వియత్నాంలో చేప సాసు కలుస్తాయి. మాంసం తినేవాళ్ళు కూడా గొడ్డు మాంసం, పంది మాంసం సంగతి ముందే తేల్చి చెప్పడం నయం. వండి వడ్డించాక పక్కకు నెట్టడం కంటే, వెళ్ళేముందే ఏమేం తినరో అక్కడి భాషలో రాయించి పంపితే ఇంటావిడకు మేలు చేసినట్టు.

స్నానాల గది దగ్గర తెలియక చేసే పొరపాట్లు ఎక్కువ. యూరప్ ఇళ్ళలో షవర్ ఉన్న మేర తప్ప మిగతా నేల పొడిగా ఉండాలి. అక్కడ నీళ్ళు పోవడానికి తూము ఉండదు, బకెట్‌తో పోసుకుంటే కింది అంతస్తు పైకప్పు తడుస్తుంది. జపాన్ ఇంట్లో వేడినీళ్ళ తొట్టి ఇంటిల్లిపాదికీ ఒకటే. ముందు బయట పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాతే తొట్టిలో దిగాలి, నీళ్ళు వదిలేయకూడదు. వంటింట్లో పోపు వేసేటప్పుడు కిటికీ తెరవడం మరిచిపోతే ఎండుమిర్చి ఘాటుకు అగ్నిప్రమాదపు గంట మోగి పక్కవాళ్ళు బయటికి పరుగెత్తుకొస్తారు. రాత్రి పదయ్యాక మన పగటి వేళకు ఇంటికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడటం కూడా చాలా ఇళ్ళలో ఇబ్బంది పెట్టే పని.

భద్రతకు సంబంధించి నియమాలు కొన్నే, వాటిని మాత్రం తప్పకూడదు. డబ్బు చెల్లించే చోట, దాన్ని బుకింగ్ వేదిక బయట పంపమని అడిగితే అక్కడితో ఆపేయాలి. వెళ్ళేముందు ఒకసారి వీడియోలో మాట్లాడాలి. ఒంటరిగా వెళ్ళే స్త్రీలు, అంతకుముందు స్త్రీలు బస చేసి బాగుందని రాసిన కుటుంబాలనే ఎంచుకోవాలి. గుమ్మంలో అడుగుపెట్టగానే మనసు ఒప్పకపోతే సాకులు వెతకకుండా వెళ్ళిపోవచ్చు, అందుకు ఒక రాత్రి హోటల్ ఖర్చు వేరుగా ఉంచుకోవాలి. చిరునామా, ఫోన్ నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి. చిక్కుల్లో పడితే అక్కడి భారత రాయబార కార్యాలయం, విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన ‘మదద్’ పోర్టల్, తాడేపల్లిలోని ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ సహాయ కేంద్రం ఉన్నాయి.

చేతిలో ఏదైనా పట్టుకెళ్ళడం మన మర్యాద. ఆవకాయ, నేతి మిఠాయిలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విమానాశ్రయాల్లో చెత్తబుట్టలో పడే ప్రమాదం ఉంది. తినుబండారాలే కాదు, తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మను కూడా అక్కడ ముందుగా ప్రకటించి చూపించాలి. అన్ని దేశాలకూ ఇబ్బంది లేకుండా వెళ్ళేది పెడన కలంకారీ గుడ్డ. చెక్క అచ్చులతో, సహజ రంగులతో దాన్ని ఎలా అద్దుతారో ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూపిస్తే భోజనాల బల్ల దగ్గర మాటలకు కొదవ ఉండదు.

సర్వాస్ వంటి సంఘాల ద్వారా వెళ్ళినవాళ్ళు రేపు తమ ఇంటికి వచ్చేవాళ్ళను ఆదరించాలన్నది అలిఖిత ఒప్పందం. డెల్టాకు ఇది కొత్త కాదు. గురువు ఇంట్లో ఉండి విద్య నేర్చుకునే సంప్రదాయం ఉన్న కూచిపూడికి నాట్యం కోసం విదేశీయులు వస్తూనే ఉన్నారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ కార్యక్రమం నిర్వహించినప్పుడు వేలమంది టిబెటన్లు, విదేశీయులు వచ్చారు. హోటళ్ళు అంతగా లేని ఆ ఊళ్ళో మామూలు ఇళ్ళు కూడా వాళ్ళకు బసలయ్యాయి. విజయవాడ ఇంట్లో విదేశీ అతిథి దిగితే, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, ఇంటివాళ్ళు 24 గంటల్లోగా అతిథి వివరాలను ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారికి పంపాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలు, అతిథి ఫొటో దగ్గర పెట్టుకుంటే పని సాఫీగా అయిపోతుంది. డబ్బు తీసుకుని నడపదలచినవాళ్ళు కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకంలో చేరవచ్చు. ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఉన్న ఇల్లు, యజమాని కుటుంబం అందులోనే కాపురం ఉండటం దానికి ముఖ్య షరతులు. తనిఖీ చేసి వెండి, బంగారు శ్రేణుల్లో గుర్తింపు ఇస్తారు. అతిథుల్ని డెల్టాకు పిలవడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. కోతలూ కుప్పనూర్పిళ్ళూ, సంక్రాంతి ముగ్గులూ అప్పుడే ఉంటాయి. మే నెలలో వస్తామంటే ఎండ సంగతి ముందే రాసి, తేదీ మార్చుకోమని చెప్పడం మంచిది.